రెండో డ్రైవ్

కొత్త హార్డ్ డ్రైవ్ ఒక్కటే పెడితే కంప్యూటర్ లేస్తోంది. పాతది కూడా అదే కేబుల్‌కి తగిలిస్తే రెండూ కనబడటం లేదు. ఆ డబ్బాకి ఇద్దరంటే గిట్టదు కాబోలు. బుచ్చిబాబు పొద్దుటి నుంచీ నేలమీద చతికిలబడి దాంతో కుస్తీ పడుతున్నాడు.

మొన్నటి వానలకి నాచారంలోని ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చి పెళ్ళి ఆల్బం నానిపోయింది. ఎప్పుడో స్కాన్ చేసిన ఫొటోలు పాత డ్రైవ్‌లోనే ఉన్నాయి.

"మావారి ఫొటో ఒక్కటి చూపించండి మెకానిక్ గారూ, చాలు," అంది తారామణి టీ గ్లాసు అందిస్తూ. "డ్యూటీకి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు."

ఆ మాట ఆవిడ అప్పటికే చాలాసార్లు అంది. బుచ్చిబాబు ఎన్నాళ్ళయిందని అడగలేదు. చివరికి ఉండబట్టలేక ఆయన పేరేమిటన్నాడు.

తారామణి సిగ్గుపడింది. "మొగుడి పేరు మేం పైకి చెప్పకూడదండీ."

బుచ్చిబాబు ఉప్పల్‌లో రిపేరు షాపున్న బాలరాజుకి ఫోన్ చేశాడు.

"రెండూ మాస్టర్ మీదనే పెట్టినట్టున్నవ్ అన్నా," అన్నాడు బాలరాజు. "ఒకటి మాస్టర్, దాని కింద ఒకటి స్లేవ్ ఉండాలె. పాతదాని ఎనక చిన్న జంపర్ ఉంటది, జర జరిపి సూడు."

జంపర్ అంటే గోరంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని ఏ పిన్నులకి తొడగాలో చూపే బొమ్మ డ్రైవ్ మీద చెరిగిపోయింది. ఒకచోట తొడిగాడు, లాభం లేదు. ఇంకోచోట తొడిగాడు, అదీ లేదు. పరాయి మగాణ్ణి ఇంతసేపు ఇంట్లో కూర్చోబెట్టుకుంటే మావారు ఏమనుకుంటారోనని తారామణి గడియారం చూస్తూ నసిగింది. బుచ్చిబాబుకి ఏడుపొచ్చినంత పనైంది.

మళ్ళీ జరిపాడు. ఈసారి తెరమీద రెండు డ్రైవ్‌లూ కనిపించాయి.

ఆత్రంగా ఫోల్డర్ తెరిచాడు. పీటల మీద బాసికాలు కట్టుకున్న జంట. పెళ్ళికొడుకు బక్కపల్చగా, ఒత్తయిన జుట్టుతో ఉన్నాడు. తారామణి దగ్గరికి జరిగి ఆ మొహాన్ని వేలితో తడిమింది. తర్వాత తలతిప్పి బుచ్చిబాబు వంక చూసింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఈయనేనండీ," అంది సంతోషంగా. "వచ్చే వేళైంది. ఇక మీరు మీ ఇంటికి బయల్దేరండి."

పెళ్ళినాటి తన ముఖాన్ని తెరమీద అలాగే వదిలేసి, బుచ్చిబాబు చెప్పులేసుకుని వెళ్ళి తన ఇంటి మెట్లమీదే కూర్చున్నాడు.