గీత పడని డంపర్

చీమకుర్తి క్వారీల్లో డంపర్లు డ్రైవర్లు లేకుండా నడవడం, తమ గొప్పలు తామే చెప్పుకోవడం మామూలైపోయిన రోజులవి. క్వారీ యజమాని మస్తానమ్మ దగ్గర నడుము దగ్గర మెలిక తిరిగే డంపర్లు రెండున్నాయి. గజరాజ్ కంపెనీది తానెన్నడూ మొరాయించలేదని చెప్పుకునేది. భీమా కంపెనీది తననెప్పుడమ్మినా మంచి రేటొస్తుందని మురిసిపోయేది.

ఆ మధ్యాహ్నం కుండపోత వానకు గుంతలోకి నీళ్లు దిగాయి. మెట్ల దారి కూలిపోయి కూలీలు అడుగున చిక్కుకున్నారు.

“పోయి వాళ్లను ఎక్కించుకు రండే!” అని అరిచింది మస్తానమ్మ.

“బురదలో కూరుకుపోతే నా రికార్డు పాడవుద్ది,” అంది గజరాజ్.

“ఒంటిమీద గీత పడితే నా రేటు పడిపోద్ది,” అంది భీమా.

“థూ! మీ మొహాలకి పెళ్లిచూపులొకటి!”

ఆమె భీమా క్యాబిన్ ఎక్కి, దాని మాటల పెట్టె వైరు పీకేసి, అలంకారంగా మిగిలిపోయిన స్టీరింగు పట్టుకుంది. బండలకు రాసుకుంటూ జారుడు బాటలో దిగి, కూలీలందరినీ తొట్టిలో ఎక్కించుకుని పైకొచ్చింది.

వైరు తగిలించగానే భీమా ఏడుపు లంకించుకుంది. “ఒళ్లంతా సొట్టలే. ఇంక నన్నెవరు కొంటారమ్మా?”

“నిన్ను అమ్ముతానని ఎవరన్నారే?” మస్తానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గజరాజ్ వైపు తిరిగింది. “అమ్మేది దాన్ని. ఒక్క గీతా పడలా, మంచి రేటొస్తది!”