పిండుడు పందెం

"మీ కరెంటు బురదకి చక్కిలిగింతలు పెడుతున్నట్టుంది గానీ, నీళ్లు పిండుతున్నట్టు లేదమ్మాయ్," అన్నాడు తౌనో.

హెల్కా నవ్వింది. ఆ ఊరి మురుగునీటి కేంద్రానికి ఆమె కొత్త యంత్రం తెచ్చి వారమైంది. రెండు పలకల మధ్య బురదను బిగించి కరెంటు పంపితే, ఎంత నొక్కినా లొంగని నీరు కూడా ఒక పలక వైపు పరుగెత్తి కారిపోతుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతోంది. తౌనో మాత్రం బురదను రెండు పట్టీల మధ్య నొక్కి పిండే తన పాత బెల్టు ప్రెస్సునే వెనకేసుకొస్తున్నాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దానికి నూనె పెట్టింది అతనే. దాన్ని తుక్కు కింద తోలేస్తారన్న ఊహకే అతని ప్రాణం ఉసూరుమంటోంది.

మధ్యాహ్నం కాఫీ వేళకు పురపాలక సంఘం పెద్దలు వస్తారు. రెండు యంత్రాలూ పిండిన బురదలోంచి చెరో ముద్ద తీసి వాళ్ల ముందు పెట్టాలి. ఏ ముద్ద పొడిగా ఉంటే ఆ యంత్రం ఉంటుంది, రెండోది పోతుంది.

"భయంగా లేదూ నీకు?" అని కదిపాడు.

"యంత్రం మీద నమ్మకం ఉన్నవాళ్లకి భయమెందుకండీ? మీకుంటే చెప్పండి, మీ ముద్దని కాసేపు ఎండబెట్టుకోనిస్తాను."

నవంబరులో ఆ మంచు దేశపు ఊళ్లో ఎండెక్కడిది? కానీ ఆ మాటతోనే తౌనో బుర్రలో దీపం వెలిగింది. కేంద్రం వెనకాల ఉద్యోగుల సౌనా ఉంది, పొయ్యి వేడికి చెమటోడ్చి స్నానం చేసే చెక్కగది. బుధవారం పొద్దున అందులో ఆడవాళ్ల వంతు. కేంద్రం ఉద్యోగుల్లో ఆడవాళ్లెవరూ లేరు, అయినా ఆ వంతు తీసేయాలని ఎవరికీ తోచలేదు. పొయ్యి మాత్రం వేళకు దానంతటదే రాజుకుని, ఖాళీ బల్లలను కాచి, చల్లారుతుంది. ఇవాళ బుధవారమే.

సౌనాలోకి బురద తీసుకెళ్లడమా? గుళ్లోలాగే అక్కడ గొంతు పెంచి మాట్లాడటమే తప్పని నమ్ముతూ పెరిగినవాడు. పాతకాలంలో పురుళ్లు కూడా అందులోనే పోసేవాళ్లు, అతని తండ్రి పుట్టింది సౌనాలోనే. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, ప్రెస్సు వైపు ఒకసారి చూసి మనసు రాయి చేసుకున్నాడు. వాసన సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. ఇంతకాలం తాను వెక్కిరించిన కరెంటుతోనే ఆ పొయ్యి కూడా కాలుతుందన్నది మాత్రం మహానుభావుడికి తట్టలేదు.

ముద్దను పళ్లెంలో పెట్టి, తువ్వాలు కప్పి, వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. కొత్త యంత్రం దగ్గర హెల్కా కనబడలేదు. పెద్దలొస్తున్నారని తల దువ్వుకోవడానికి వెళ్లి ఉంటుందిలే, పీడా పోయింది అనుకున్నాడు. ఎవరూ చూడటం లేదని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, సౌనా తలుపు తీశాడు. వేడి మొహాన కొట్టింది.

పై బల్ల మీద తన ముద్దకు కాపలా కూర్చున్న హెల్కా, కాస్త జరిగి అతని పళ్లేనికి చోటిచ్చింది.