ఆకుపచ్చ లేబుల్

“నేను సంతకం పెట్టను మావయ్యా,” అంది మేనకోడలు, లేబుల్ నమూనాను బల్ల మీద అటు తోసేస్తూ.

ఆకుపచ్చ కాగితం మీద పెద్ద ఆకు బొమ్మ. దాని కింద బంగారు అక్షరాల్లో ‘ప్రకృతికి ఏ హానీ చేయదు’ అని ఉంది. నేల తుడిచే క్రిమిసంహారక మందు సీసాకి అంటించాల్సిన లేబుల్ అది. కంపెనీ మావయ్యది. లేబుల్ మీద పడే ప్రతి మాటకీ పూచీ ఆమెది.

“తుడిచిన నీళ్ళు చివరికి కాలవలోకేగా పోయేది? అందులో చేపలుండవా? హాని చేయదని ఎలా రాస్తాం?”

“పక్క కంపెనీవాడు రాసుకోలేదూ?”

“వాడు గడ్డి తింటే మనమూ తినాలా?”

మావయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆమె ఈ మాట కొట్టేస్తే ‘ప్రకృతి నేస్తం’ అంటాడు. అదీ కొట్టేస్తే ‘భూమాత మెచ్చినది’ అంటాడు. ఈయనకి చెప్పేబదులు గోడకి చెప్పుకున్నా నయమనిపించింది ఆమెకి.

“నీకు రుజువు కావాలి, అంతేగా? ఆయన్నే అడుగు,” అన్నాడు మావయ్య, అప్పుడే లోపలికొస్తున్న కెమిస్టుని చూపిస్తూ.

కెమిస్టు చెమట తుడుచుకున్నాడు. “మందు కలిపిన నీళ్ళలో చేపల్ని వదిలామమ్మా. ఒక్కటీ చావలేదు.”

“పోయినసారి అన్నీ చచ్చి తేలాయిగా?”

“అందుకే మందు మార్పించాను,” అన్నాడు మావయ్య మీసం దువ్వుకుంటూ. “ఇప్పుడేమంటావు?”

ఆమె నమూనాను మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళు పోట్లాడిందంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది. పళ్ళు బిగబట్టి సంతకం గీకి పడేసింది.

మావయ్య వెంటనే ఫోనందుకున్నాడు. “లేబుళ్ళు అంటించేయండి. ప్రసూతి ఆసుపత్రి సరుకు సాయంత్రానికల్లా లారీ ఎక్కాలి.”

ఫోను పెట్టేసి చూస్తే కెమిస్టు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఇంకా ఏమిటయ్యా?”

“చేపలు బతికేదాకా మందు పాళ్ళు తగ్గిస్తూ పొమ్మన్నారు కదండీ,” అన్నాడు కెమిస్టు నేల చూపులు చూస్తూ. “ఇప్పుడు క్రిములు కూడా బతుకుతున్నాయి.”