అసున్సియోన్ ముడి

రేపే సమాధుల పండుగ. సముద్రం ఒడ్డునున్న సరిహద్దు ఊరు సెయూటా అంతా పూలు కొంటోంది.

అసున్సియోన్ మాత్రం కొనలేదు. ఎవరి సమాధి మీద పెట్టాలి? పడవతో పాటు మునిగిపోయిన మొగుడు పస్కువల్ శవం దొరకనే లేదు. ఏటా ఈ రోజుల్లో ఆమెకు ఏడుపు ఆగదు.

పడమటి గాలికి ఒడ్డున దండేల మీద సూర చేపలు ఎండుతున్నాయి. ఇక్కడ చేపను దండేనికి కట్టే తాడు ముడి ఏ ఇంటిది ఆ ఇంటిదే. ముడి చూసి చేప ఎవరిదో చెప్పేస్తారు.

సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఆమె దండెం దగ్గర నిలబడి, ముడిని వేళ్లతో తడిమి చూస్తున్నాడు.

"ఓయ్ పెద్దాయనా! చెయ్యి తియ్!"

అతను అరబ్బీలో ఏదో అన్నాడు. పుట్టినప్పటి నుంచీ వింటున్న భాషే. అయినా 'సలాం' తప్ప ఆమెకు ఒక్క ముక్క రాదు.

అతను సముద్రాన్ని చూపించాడు. నేలను చూపించాడు. జేబులోంచి చిన్న తాడుముక్క తీశాడు. దానికీ ఆమె ముడే ఉంది.

"అమ్మ దొంగా! చేప కొట్టేసి తాడు నాకే చూపిస్తున్నావా?"

తాడు లాక్కుని కేకలు పెట్టింది. పోలీసు వచ్చి అతన్ని రెక్క పట్టుకుని సరిహద్దు వైపు తీసుకుపోయాడు. అతను వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లాడు.

కోపం చల్లారాక దండేలన్నీ వెతికింది. ఒక్క చేపా పోలేదు. ఒక్క ముడీ ఊడలేదు.

అప్పుడు చేతిలోని తాడును సరిగ్గా చూసింది. ఉప్పునీళ్లకు తెల్లబారిపోయి ఉంది. వేటకు పోయేముందు, క్షేమంగా రావాలని పస్కువల్ మణికట్టుకు తనే కట్టిన తాడు అది.

తాడు గుప్పిట్లో పట్టుకుని సరిహద్దు వైపు పరుగెత్తింది.

సరిహద్దు గేటు దగ్గర యామ్నా పుదీనా అమ్ముతోంది.

"యామ్నా! ముసలాయన ఇటొచ్చాడా?"

"ఆ దొంగేనా? గేటు దాటించేశారక్కా. బస్సు కూడా వెళ్లిపోయింది."

"ఏ ఊరో చెప్పాడా?"

"దొంగను ఊరు పేరు అడుగుతామా?"

"మరేం అన్నాడే? నీకు వాళ్ల మాట తెలుసుగా!"

యామ్నా పుదీనా కట్ట కింద పెట్టింది.

"ఏడుస్తూ ఒకటే మాట అన్నాడక్కా... 'ఆమె మనిషి మా ఒడ్డుకు కొట్టుకొస్తే నా చేతులతోనే పూడ్చాను, ఆ చోటు చూపిద్దామని వచ్చాను' అని."