పసుపు కుంకుమల పొలం

“ఖర్చులు వదిలేస్తాడంటా? వాడెవడండీ వదిలేయడానికి?”

వెంకటరావమ్మ గొంతుకి లాయరు జయరావు చేతిలో టీ తొణికింది. ఆమె పక్కనే కూర్చున్న జ్యోతిర్మయి చెయ్యి పట్టుకుని ఆపింది.

“మీరు కాస్త నెమ్మదించండి. లాయరు గారిని చెప్పనివ్వండి.”

తల్లిని ‘మీరు’ అనే కూతుళ్లు గుంటూరులో ఇంకా మిగిలి ఉన్నారన్నమాట, అనుకున్నాడు జయరావు. ఆ పెంపకానికి ముచ్చటపడ్డాడు.

నిన్ననే ఆయన చేతికొచ్చిన కేసు మాత్రం అంత ముచ్చటగా లేదు. జ్యోతిర్మయి పెళ్లిలో ఆమె తండ్రి ప్రత్తిపాడు దగ్గర మిరప పండే రెండెకరాలు పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. ఇచ్చినవాడు కూతురి పేర రాయొచ్చుగా. అబ్బే, అల్లుడికి గౌరవంగా ఉండాలని, అతనికి అమ్మినట్టు రిజిస్టరు చేయించాడు. ఆ తర్వాత కన్నుమూశాడు. విడాకులయ్యాక ఆ అల్లుడు చైతన్యకృష్ణ, పొలం డబ్బిచ్చి కొనుక్కున్నాను పొమ్మన్నాడు. కింది కోర్టు అతని మాటే నమ్మింది. పొలం అతనిదేనంది. పైగా అతని కోర్టు ఖర్చులు కూడా జ్యోతిర్మయే భరించాలంది.

“అప్పీలుకి వెళ్లకపోతే ఆ ఖర్చులు వదిలేస్తామని అవతలి లాయరు కబురు చేశాడమ్మా. నా మాట విని ఒప్పుకోండి.”

“ఒప్పుకోం. ఆ పొలంలో ఈ పిల్ల మిట్టమధ్యాహ్నం మిరపకాయలు కోసింది. చేతులు మండిపోయి అన్నం కలుపుకోలేకపోతే నేను ముద్దలు పెట్టాను. వాడికీ ఈ చేత్తోనే పెట్టాను. తిన్న విశ్వాసం లేదు వెధవకి.”

జయరావుకి చిరాకేసింది. కోపాలతో అప్పీళ్లు నెగ్గేటట్టయితే ఇక లాయర్లెందుకు?

“పెళ్లిపందిట్లో పసుపు కుంకుమలని చెప్పి ఇచ్చారని మీవాళ్లు చాలామందే సాక్ష్యం చెప్పారు. అందరూ ఆడపెళ్లివారే. కావలసినవాళ్లు అలాగే చెబుతారని జడ్జిగారు పక్కన పెట్టేశారు. మగపెళ్లివారిలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే సంగతి వేరుగా ఉండేది.”

“ఇప్పుడు తెరిస్తే?”

“అప్పీల్లో కొత్త సాక్షిని అంత తేలిగ్గా రానివ్వరమ్మా. అప్పుడేం చేశావని నిలదీస్తారు.”

“భయపడిందని చెబుదాం. ఆ ఇల్లు దాటితే ముద్ద ఎవరు పెడతారని భయం. ఇప్పుడు దాటేసింది. మిరపకాయలకి తొడిమలు తీసే కూలికెళ్లి బతుకుతోంది. ఇంకెవడికి భయపడాలి?”

“వద్దండీ,” అంది జ్యోతిర్మయి. ఆమెకు ఏడుపొచ్చేసింది. “నా కోసం ఇంత దూరం వద్దు.”

“నువ్వూరుకో అమ్మాయ్. నోరు మూసుకుని ఒకసారి నిన్ను ఓడించింది చాలు.”

ఆ వయసులో ఆ పంతం చూసి జయరావుకే హుషారొచ్చింది. ఓడినా సరే, ఇలాంటి మనిషి కోసం ఒకసారి గట్టిగా వాదించాలనిపించింది. పెన్ను తీశాడు.

“సరే, ప్రయత్నిద్దాం. ఆ సాక్షి పేరు చెప్పండి.”

“వెంకటరావమ్మ.”

“మీ పేరు కాదమ్మా. మగపెళ్లివారి తరఫు మనిషి పేరు.”

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“చైతన్యకృష్ణని కన్నది నేనేనండీ.”