వచ్చినవాడు, ఉన్నవాడు

“అయితే రేపు పొద్దుగాల డ్యూటీకి ఏ రాజశేఖరం పోతడు సారూ?”

అనంతరామ్ కలం పక్కన పెట్టి, పక్క క్వార్టర్ రాయమల్లు వైపు జాలిగా చూశాడు. గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో గుమస్తాగా పనిచేస్తున్నా, తనను తాను రచయితగానే లెక్కేసుకునే మనిషి అనంతరామ్. వారపత్రికలో ఆయన రాస్తున్న సీరియల్లో రాజశేఖరం అనే సైంటిస్టు కాలయంత్రమెక్కి ఇరవయ్యేళ్ళు ముందుకు వెళ్ళి, తన ఇంట్లోకే అడుగుపెట్టాడు. అక్కడ పడక్కుర్చీలో ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన రాజశేఖరం కూర్చుని ఉన్నాడు. అంతే, కథ ఆగిపోయింది. వారాల తరబడి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఉన్నారు.

పాఠకుల సంగతెలా ఉన్నా సంపాదకుడికి విసుగొచ్చింది. ఈసారి ముడి విప్పకపోతే సీరియల్ ఆపేసి, ఆ పేజీలో ఊరగాయల శీర్షిక వేస్తామని కబురు పెట్టాడు. మాగాయ చేతిలో ఓడిపోవడం కంటే అవమానం ఏముంటుందని అనంతరామ్ అన్నం కూడా సరిగా తినడం లేదు.

“ఒకణ్ణి కాల్చేస్తాను,” అన్నాడు.

“ఎవన్ని?”

“అదే చిక్కు. చిన్నవాణ్ణి కాలిస్తే పెద్దవాడే ఉండడు. పెద్దవాణ్ణి కాలిస్తే హీరో తన్ను తానే చంపుకున్నట్టు. దీన్ని లాజిక్ అంటారు. నీకర్థం కాదులే.”

“చంపుడెందుకు సారూ? పాపం, ఆ వచ్చినోడు గూడ ఎటూ దిక్కులేకనే వచ్చిండేమో.”

బొగ్గు తవ్వేవాళ్ళకు కథ చెబితే ఇంతే అనుకున్నాడు అనంతరామ్. కానీ ఏం చేస్తాడు? కాలనీ మొత్తంలో సీరియల్ గురించి అడిగేది రాయమల్లు ఒక్కడే. ఈమధ్య షిఫ్టు దిగి స్నానం చేయగానే వచ్చి కూర్చుంటున్నాడు. కట్టుకున్న భార్య అలివేలుమంగ ఆ పత్రికను బియ్యం డబ్బా మీద మూతగా వాడుతోంది.

“ఇద్దర్ల అసలోడెవడు సారూ?” రాయమల్లు మళ్ళీ అందుకున్నాడు. “ఇల్లు నడిపేటోడు, పిల్లలను సాదేటోడు ఇంట్ల ఉన్నోడాయె. వచ్చినోనికి పేరొక్కటే ఉన్నది.”

“ఇద్దరూ అసలే. కానీ ఒక కొలువులో ఇద్దరు పట్టరు కదా. ఒకడు పోవాల్సిందే.”

రాయమల్లు మొహం పాలిపోయింది. తన కలానికి ఇంత బలముందా అని అనంతరామ్ లోలోపల మురిసిపోయాడు.

“ఒకడు పేరు మార్చుకుంటే? తమ్ముడని చెప్పి ఇంట్లనే ఉంచుకుంటే ఎవలకు తెలుస్తది?”

“ఆఫీసువాళ్ళు గుడ్డివాళ్ళా? ఇంకొకడి పేరు మీద కొలువు చేస్తూ బొగ్గుబాయిలోకి దిగేవాణ్ణి నేను మొహం చూసి పట్టేస్తాను.”

“మీకు తెలువకుంట ఉంటదా సారూ,” అన్నాడు రాయమల్లు వినయంగా.

“అయినా వచ్చినవాడు తన పేరు ఊరికే వదులుకుంటాడా?”

“నేనూ గదే అడుగుతున్న. ఎట్ల వదులుకుంటడు?”

అనంతరామ్‌కు హుషారు పుట్టింది. మనుషుల మనస్తత్వం తనకు కొట్టిన పిండి అని ఆయన నమ్మకం.

“బెదిరించకూడదు. బెదిరిస్తే ఎదురు తిరుగుతాడు. ఇంటావిడ చేత కడుపునిండా అన్నం పెట్టించాలి. పిల్లల చేత బాబాయ్ అని పిలిపించాలి. ఆ పిలుపు విన్నాక వాడు ఎక్కడికీ పోలేడు, ఎవరి నోటి ముందు కూడూ లాక్కోలేడు.”

అనేసి తానే ఉలిక్కిపడ్డాడు. ముడి విడిపోయింది.

“మా దిక్కు కాక అంటరు,” అంటూ రాయమల్లు లేచి గబగబా ఇంటికి పోయాడు.

అనంతరామ్ ఆ పూటే రాసి పోస్టులో వేశాడు. తమ్ముడి ఆలోచన ఎవరిదన్న సంగతి అప్పటికే మరిచిపోయాడు. ఆ భాగం అచ్చయ్యాక సంపాదకుడి జవాబొచ్చింది. పాఠకులకు తెగ నచ్చిందట, సీరియల్ సాగించమన్నాడు. ఊరగాయలు వాయిదా పడ్డాయి.

ఆ రోజుల్లోనే రాయమల్లు ఇంటికి ఎవరో చుట్టం వచ్చాడు.

“మా మరిది ఎల్లేశం సారూ. బొంబయిల మిల్లు మూసిండ్రని వచ్చిండు,” అంది రాయమల్లు భార్య సమ్మవ్వ, అడక్కముందే.

పిల్లలు కాకా కాకా అంటూ అతని మెడకు వేలాడుతున్నారు. అనంతరామ్ తలాడించి ఊరుకున్నాడు. తరువాతి భాగం గురించి ఆలోచించే మనిషికి చుట్టాల గొడవెందుకు?

ఆదివారం పొద్దున పత్రిక పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. అచ్చులో చదువుకుంటే ఆయనకే నవ్వొచ్చింది. ఒకే పేరుతో ఇద్దరు ఒకే కప్పు కింద ఉండటం, లోకం వాళ్ళను అన్నదమ్ములని నమ్మటం! పాఠకులు వెర్రివాళ్ళు కాబట్టి సరిపోయింది గానీ, తనలాంటివాడి కళ్ళ ముందు ఇలాంటివి సాగుతాయా?

పక్క వాకిట్లో అన్నదమ్ములిద్దరూ అటు తిరిగి కట్టెలు కొడుతున్నారు. చదివి వినిపిద్దామని అనంతరామ్ గొంతెత్తి పిలిచాడు.

“రాయమల్లూ!”

ఇద్దరూ వెనక్కి తిరిగారు.