మూటలస్వామి కాదన్న రోజు

"నేను రాను. నన్నొదిలెయ్," అన్నాడు ఆయన, గేటు ఊచ గట్టిగా పట్టుకుని.

"ఇంటి దగ్గర ఊఁ అని, ఇక్కడికొచ్చాక ఈ పేచీ ఏంటండీ? నలుగురూ చూస్తున్నారు."

ఆమె భర్త వేళ్లను ఊచ మీంచి ఒక్కొక్కటే విడదీసింది. వాటిలో బలం లేదు. ఒకప్పుడు బస్సు స్టీరింగు తిప్పిన చేతులేనా ఇవి అనిపించింది ఆమెకి.

లోపల, పాత గోడౌనులో, వేరే గ్రహం నుంచి వచ్చిన మతగురువు ఉంటున్నాడు. వచ్చిన కొత్తలో, అందరినీ తన మతంలో కలిపేసుకుంటాడని ఊరంతా హడలిపోయింది. ఆయన ఎవరికీ ఏమీ బోధించలేదు. దుఃఖంతో వచ్చినవాళ్ల కణతలకి అరచేతులు ఆనించి, ఆ దుఃఖాన్ని తనలోకి లాక్కునేవాడు. వాళ్ల మతంలో పూజంటే అదే. దుఃఖంతోపాటు దాని కారణం కూడా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయేది. బయటికొచ్చినవాళ్లు అసలిక్కడికి ఎందుకొచ్చామో తెలియక గేటు దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడితే, వరసలో ఉన్నవాళ్లకి అంత దిగుల్లోనూ నవ్వొచ్చేది. అందరి బరువూ మోసి మోసి నడుం వంగిపోయిన ఆ గురువుకి మూటలస్వామి అని పేరు పెట్టింది కూడా ఆ వరసలోని జనమే.

మనిషి వెన్న. మనిషి కాదనుకోండి, అయినా వెన్నే. చంటిపిల్లల్ని కూడా మీరు అంటాడు. ఎవర్నీ కాదనడు. ఒక్కటే చిక్కు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగితే ఆయన నిజం చెప్పి తీరాలి. వాళ్ల గురువులకి అదొక కట్టుబాటు. కూర ఎలా ఉందని పట్టుబట్టి మూడోసారి కూడా అడిగిన ఒక భక్తురాలు మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

వీళ్లిద్దరూ లోపలికి వెళ్లగానే మూటలస్వామి లేచి నిలబడ్డాడు. ఆమె మోకాలి నొప్పి సంగతి ఎవరో చెప్పినట్టు, బల్ల పక్కకి నెట్టి ఎత్తు కుర్చీ జరిపాడు. ఎప్పుడూ ఉంటుందని అందరూ చెప్పే నవ్వు మాత్రం ఆ బూడిదరంగు మొహంలో లేదు.

"ఈయనకండీ," అంది ఆమె కూర్చుంటూ. "మా అత్తయ్య పోయినప్పట్నించీ ఇంతే. నిక్షేపంలాంటి స్కూలు బస్సు ఉద్యోగం, పిల్లల గోల పడలేనని వదిలేశాడు. ఇప్పుడు సరుకుల లారీ. అదీ దారి మధ్యలో ఆపేసి కూర్చుంటున్నాడట, ఓనరు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. అత్తయ్య ఉన్న గది ఖాళీగానే ఉంది కదా, నా కుట్టుమిషను పెట్టుకుంటానంటే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఈయన మొహం చూడలేక మా అక్క పిల్లల్ని తీసుకుని రావడమే మానేసింది."

భర్త తల వంచుకుని గచ్చు చూస్తున్నాడు.

"అత్తయ్య పోతే నేను మాత్రం ఏడవలేదా? ఎన్నాళ్లని ఏడుస్తాం? ఏమిటండీ బాధ అంటే నోరు విప్పడు. తిండి మానేశాడు. ఇలాగే వదిలేస్తే మనిషి నాకు దక్కడు స్వామీ. తీసేయండి."

మూటలస్వామి భర్త ముందుకు వెళ్లాడు. పొడుగాటి అరచేతులు కణతల దాకా ఎత్తాడు. అక్కడే ఆపేశాడు.

"ఇది నేను తీసుకోలేనమ్మా. క్షమించండి."

ఆమె తెల్లబోయింది. "ఎందుకు తీసుకోలేరు?"

"ఆయనకి ఇష్టం లేదు."

"చేదుమందు ఇష్టపడి ఎవరు మింగుతారండీ? ఊళ్లో అందరివీ తీసుకున్నారు. పక్కవీధి కిరాణా ఆయన భార్య పోతే తీసుకున్నారు. కుక్క చచ్చిపోయిందని ఏడ్చినవాడిది కూడా తీసుకున్నారట! మా ఆయనది ఎందుకు తీసుకోలేరు?"

"నేను అలిసిపోయాననుకోండమ్మా." ఆయన గొంతు కడుపులోంచి వచ్చినట్టు బరువుగా ఉంది. "రెండుసార్లు అడిగారు. దయచేసి మూడోసారి అడగకండి."

భర్త ఒక్కసారిగా ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అడక్కు. నీకు దండం పెడతాను, అడక్కు. ఇవాళ్టి నుంచి తింటాను. లారీ సరిగ్గా నడుపుతాను. నీ మిషను ఆ గదిలో నేనే పెడతాను. పద, ఇంటికి పోదాం."

ఇన్ని మాటలు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. ఆమె మనసు మెత్తబడింది. లేవబోయింది కూడా. లేపుదామని ఆయన మణికట్టు పట్టుకుంది. ఎముక తప్ప ఏమీ తగల్లేదు. తింటానని ఈయన అనడం, తను నమ్మడం, సాయంత్రానికి కంచం అలాగే ఉండడం, అంతా ఆమెకి కళ్లముందే కనిపించింది. ఈ మనిషిని పోగొట్టుకుని తను బతకలేదు. ఎవరికి కోపమొచ్చినా సరే.

"నువ్వుండండీ!" అంది భర్తతో, కంగారులో నువ్వూ మీరూ కలిపేసి. మూటలస్వామి వైపు తిరిగింది. "నా మొగుడి బాధ మీరెందుకు తీసుకోలేరు?"

భర్త రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మూటలస్వామి వంగిన నడుం ఇంకా వంచి, ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీలాగే ఆయన కూడా మరిచిపోతే, పోయిన మీ పాపకి ఎవరూ మిగలరమ్మా."